అబద్ధమైతే చేయెత్తండి

హాస్టల్, మూడో అంతస్తు, మెట్ల పక్క గది
జూన్ 9

మావయ్యకి నమస్కారాలు, అత్తయ్యకి అంతకంటే ఒకటి ఎక్కువ.

క్షేమంగా చేరాను. మీ శిష్యుడు, అంటే మా డైరెక్టరుగారు, స్వయంగా గేటు దాకా వచ్చి పెట్టె అందుకున్నారు. "మాస్టారి మేనకోడలంటే మా ఇంటి పిల్లే" అన్నారు. ఆయన కుర్చీ వెనక గోడకి మీరు రాసిచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళంతా ముందు అది చదివి, తర్వాత కూర్చుంటారు. మీ సంతకం చూడగానే సగం బెంగ తీరింది.

నా క్లాసులో ముప్ఫై రెండు మంది. అందరూ ఆడవాళ్ళే. ఇరవై రెండేళ్ళ పిల్ల నుంచి నలభై ఒక్కేళ్ళ ఆవిడ దాకా ఉన్నారు. విదేశాల్లో వృద్ధుల్ని చూసుకునే ఉద్యోగాలకి వెళ్ళాలని ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. డైరెక్టరుగారు రాసిన రెండొందల పేజీల పుస్తకం ఉంది, అన్నీ ఖాళీలు పూరించడాలే. వాళ్ళు తలెత్తకుండా పూరిస్తారు. నేను బోర్డు మీద రాస్తే రాసుకుంటారు, నోరు మాత్రం విప్పరు. మట్టిబుర్రలేమో అనుకునేరు, కాదు. అలిసిపోయి ఉంటారంతే.

మీ దగ్గర అయిదు నిమిషాల ఆటల నోటుపుస్తకం ఉండేది కదా, దాంట్లోంచి నాలుగు రాసి పంపండి. సామాను అక్కర్లేనివి, కూర్చున్నచోటే ఆడేవి అయితే మేలు. ఇక్కడ ఫోన్లు ఆఫీసులో పెట్టేయాలి. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. తెలుగు చెవిన పడితే ఇంగ్లీషు పాడవుతుందట. అందుకని మనకి ఉత్తరాలే గతి.

మీ
పిచ్చుక


నాలుగో అంతస్తు, బాల్కనీ కుర్చీ
జూన్ 18

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. మీ డైరెక్టర్ని మేం బళ్ళో "ముత్యాలు" అనేవాళ్ళం, చేతిరాత అంత బాగుండేది. గోడకి నా కాగితం పెట్టుకున్నాడంటే వాడి గుణం అది.

ఇక ఆటలు. మొదటిది "అబద్ధం పట్టుకో". ఒక్కొక్కరు తన గురించి మూడు వాక్యాలు చెప్పాలి. రెండు నిజం, ఒకటి అబద్ధం. అబద్ధం వినగానే మిగిలినవాళ్ళు చేయెత్తాలి. పక్కవాడి గుట్టు తెలుస్తుందంటే చెవులు రిక్కించని మనిషి ఉండడు. మధ్యలో తప్పులు దిద్దావో, ఆట చచ్చిపోతుంది. చివర్లో దిద్దు.

రెండోది వీపుల ఆట. ఇద్దరు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరు తమకి బాగా తెలిసిన గదిని వర్ణించాలి, రెండోవారు చూడకుండా బొమ్మ గీయాలి. మంచం ఎక్కడ, కిటికీ ఏ పక్క, బల్ల మీద ఏముంది? ఇన్, ఆన్, అండర్ అని గంటసేపు పాఠం చెప్పక్కర్లేదు, వాళ్ళ నోట అవే వచ్చేస్తాయి.

నా మోకాళ్ళు యథాతథం. ఫిబ్రవరి నుంచి కింద నేల తొక్కలేదు. లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు కొన్నవాడి తెలివిని మీ అత్తయ్య రోజుకోసారి మెచ్చుకుంటోంది.

మావయ్య

పిచ్చుకా, అత్తయ్యని. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం తింటున్నావో లేదు, ఎవరితో నవ్వావో లేదు. గలగలలాడే పిల్లవి, కొలిచి రాసినట్టు రాశావు. ఏమిటి సంగతి?


మూడో అంతస్తు
జూలై 3

మావయ్యా,

మీ ఉత్తరం కవరు నాకు చేరేసరికి విప్పి ఉంది. "జిగురు ఊడిపోయింది మేడమ్" అన్నాడు గుమాస్తా. ఇకమీదట కింద రాసిన జిరాక్స్ షాపు చిరునామాకి రాయండి. క్లాసు కాగితాలు కాపీలు తీయించడానికి వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్తాను. షాపావిడ మంచిది.

ఆటలు ఆడించాను. ముందు వీపుల ఆట. మీకు తెలిసిన గది చెప్పండి అంటే ఇంట్లో వంటగది చెప్తారు, పిల్లల గది చెప్తారు అనుకున్నాను. పదహారు జంటలూ ఈ హాస్టల్ గదే చెప్పారు. పదహారు బొమ్మలూ ఒక్కటే. ఎనిమిది మంచాలు, ఒక కిటికీ. ఒక అమ్మాయి "విండో ఈజ్ క్లోజ్డ్" అంది. వెనక బెంచీలోంచి కండక్టరమ్మ లేచింది. నలభై ఒక్కేళ్ళావిడ ఈవిడే. బస్సులో పదకొండేళ్ళు టిక్కెట్లు కొట్టిన మనిషి, గొంతు గంటలా ఉంటుంది.

"మేడమ్, క్లోజ్డ్ అన్నా లాక్డ్ అన్నా ఒకటేనా?"

"కాదండీ. మూసుంటే క్లోజ్డ్. తాళం వేసుంటే లాక్డ్."

"అయితే దిద్దుకోవే అమ్మాయ్, లాక్డ్."

పదహారు కాగితాల మీదా ఆ మాట దిద్దుకున్నారు.

మర్నాడు అబద్ధం ఆట. కండక్టరమ్మే ముందు లేచింది. నాకు ఇద్దరు కొడుకులు అంది. పదకొండేళ్ళు బస్సులో పనిచేశాను అంది. మూడోది "ఐ కెన్ గో హోమ్ టుమారో" అంది. రేపు ఇంటికి వెళ్ళగలను అని. ఆ వాక్యం పూర్తవకముందే ముప్ఫై ఒక్క చేతులు లేచాయి. ఎవరూ నవ్వలేదు. నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను, ఏం దిద్దాలో తెలియలేదు.

తర్వాత వాళ్ళే చెప్పారు. ఇది ఆరు నెలల కోర్సు. వాళ్ళొచ్చి పద్నాలుగు నెలలైంది. ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. పొద్దున అయిదింటికి వ్యానెక్కించి ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్తారు. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, రోగుల్ని కడగడం, మూడింటి దాకా. దానికి పేరు "ప్రాక్టికల్స్". జీతం లేదు. పాస్‌పోర్టులూ సర్టిఫికెట్లూ చేరిన రోజే తీసుకుని ఆఫీసులో ఇనప బీరువాలో పెట్టారు. వెళ్ళిపోతానంటే "వెళ్ళు, కాగితాలు మాత్రం కోర్సయ్యాకే" అంటారు. పదో తరగతి సర్టిఫికెట్టు లేకుండా ఎక్కడికెళ్ళి ఏం చేస్తారు?

మీ శిష్యుడికి ఒక మాట రాస్తారా?

పిచ్చుక


బాల్కనీ కుర్చీ
జూలై 14

చిరంజీవి పిచ్చుకకు,

నీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. చేరి నెలైందో లేదో, గోరంత చూసి కొండంత రాశావు. నలుగురు అలిసిపోయినవాళ్ళు చెప్పుకునే మాటలకి చిలవలు పలవలు పుడతాయి. ఇలాంటి సంస్థలు కాగితాలు తమ దగ్గర పెట్టుకోవడం వింత కాదు. మధ్యలో మానేసి పోతే వాడి కష్టం ఏం కావాలి? వాళ్ళమ్మ మా బడి వరండా తుడిచేది, వాడు ఆ వరండాలోనే కూర్చుని ఎక్కాలు వల్లించేవాడు. తుడవడం తప్పని వాడికి ఎవరూ నేర్పలేదు.

ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. మనిషిని చూస్తే ఆ మాత్రం తెలుస్తుంది. ఆర్నెల్లు ఓపిక పట్టు.

ఇంకో ఆట రాస్తున్నాను. పేరు "కౌంటరు దగ్గర". బల్లకి అటు ఒకరు గుమాస్తా, ఇటు ఒకరు వస్తువు పోగొట్టుకున్న మనిషి. పోయిందేమిటో చెప్పి, మర్యాదగా తిరిగి అడగాలి. గొడవపడకుండా అడగడం నేర్పు. ముందు నువ్వు నేర్చుకో.

ఆశీస్సులతో
మావయ్య

ఇది విడి చీటీ. పిచ్చుకా, మీ మావయ్య ఈసారి నాకు చూపించకుండా కవరు అంటించేశారు. ఆవిరి పట్టి విప్పాను. మీ గుమాస్తా ఒక్కడికే వచ్చా ఆ విద్య! ఆయన మాటలు పట్టించుకోకు. రాత్రంతా పక్క మీద దొర్లుతూనే ఉన్నారు. నమ్మని మనిషైతే గుర్రు పెట్టి పడుకునేవారు. నా ప్రశ్న ఒక్కటే. నీ కాగితాలు ఎక్కడున్నాయి?

అత్తయ్య


మూడో అంతస్తు
ఆగస్టు 6

అత్తయ్యా,

అదే బీరువాలో ఉన్నాయి.

మొదటి రోజే అడిగారు, ఇచ్చాను. డిగ్రీ, టీచరు ట్రైనింగు, అన్నీ. మూడేళ్ళు మానకూడదని సంతకం కూడా పెట్టాను. చదవకుండానే పెట్టాను. గోడ మీద మావయ్య సంతకం కనిపిస్తుంటే ఇంకేం చదువుతాను? మీరు బాధపడతారని ఇన్నాళ్ళూ రాయలేదు.

మావయ్యా, మీరు పంపిన కౌంటరు ఆట ఆడించాను. మొదటి రోజు గొడుగులు పోయాయి, సంచులు పోయాయి, ఒకావిడకి అత్తగారు పోయింది, తిరిగి అక్కర్లేదంది. ఇన్ని వారాల్లో వాళ్ళు నవ్వగా విన్నది అదే మొదలు. రెండో రోజు కుట్టుపని చేసే ఆవిడ బల్ల దగ్గరికొచ్చి "సర్, కెన్ ఐ హావ్ మై సర్టిఫికెట్, ప్లీజ్?" అంది. ఆ తర్వాత ఎవరికీ గొడుగు పోలేదు.

శుక్రవారం నాడు డైరెక్టరుగారు క్లాసు చూడ్డానికొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేనేం చెప్పలేదు, ఒట్టు. కండక్టరమ్మ లేచి ఆయన ఎదురుగా నిలబడి, అదే వాక్యం అదే మర్యాదతో అడిగింది. ఆవిడ కూర్చుంది, పక్కావిడ లేచింది. తర్వాత ఇంకొకరు. ముప్ఫై రెండు మందీ అడిగారు.

ఆయన చివరిదాకా విన్నారు. నవ్వుతూనే ఉన్నారు. "పెద్దవాళ్ళని అడిగేటప్పుడు కెన్ కాదు, మే అనాలి. మే ఐ హావ్. ఏదీ, మళ్ళీ అనండి" అన్నారు.

అందరూ మళ్ళీ అన్నారు, మావయ్యా. ఒక్కొక్కరూ లేచి, మే పెట్టి.

"వెరీ గుడ్" అని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి వ్యాను నాలుగింటికే వస్తోంది. క్లాసులో ఆటలు నిషిద్ధం, పుస్తకం ఒక్కటే. నాకు జిరాక్స్ షాపుకి వెళ్ళడం కూడా బందు. కాగితాలు ఇవ్వడానికి షాపావిడే గేటు దాకా వస్తే, వాటి మధ్యలో పెట్టి ఈ ఉత్తరం ఇచ్చాను. ఆర్నెల్లు ఓపిక పట్టమన్నారు కదా. పదిహేను నెలలు పట్టినవాళ్ళ మధ్య కూర్చుని పడుతున్నాను.

పిచ్చుక


నాలుగో అంతస్తు
ఆగస్టు 17

అమ్మా పిచ్చుకా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నేను ఆ సంస్థని ఎప్పుడూ చూడలేదు. రెండేళ్ళ కిందట వాడు మా ఇంటికొచ్చాడు. నాలుగంతస్తులూ ఎక్కి వచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టాడు. బళ్ళో నేను చెప్పిన పాఠం అప్పజెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. రిటైరయ్యాక నా దగ్గరికి అలా వచ్చిన శిష్యుడు వాడొక్కడే. ప్రశంసాపత్రం వాడే టైపు చేయించుకుని తెచ్చాడు. "స్వయంగా పరిశీలించితిని" అని ఉంది అందులో. చదివే సంతకం పెట్టాను. ఇంకా సిగ్గుచేటు, ఒకచోట కామా లేకపోతే పెన్ను తీసి పెట్టాను. కామా చూసిన కళ్ళకి అబద్ధం కనబడలేదు.

ఆ అద్దం చూసి ఎంతమంది కూర్చున్నారో, ఎంతమంది కాగితాలిచ్చారో! నిన్ను ఆ గుమ్మంలోకి పంపింది నేనే.

వాడికి రాశాను. అందరి కాగితాలూ ఇచ్చేయమన్నాను. వారంలో జవాబొచ్చింది, అదే ముత్యాల చేతిరాత. "గురువుగారి మాట జవదాటను. మీ మేనకోడలి కాగితాలు ఆమె చేతికే ఇస్తాను, వెంటనే వెళ్ళిపోవచ్చు. మిగిలినవి సంస్థ వ్యవహారం, మీరు శ్రమ తీసుకోవద్దు." అంతే.

వచ్చేయమంటోంది మీ అత్తయ్య. నీకు ఏదైనా చెప్పే అర్హత నాకు లేదు. ఇలాంటి సంస్థలకి లైసెన్సులిచ్చే ఆఫీసు ఈ ఊళ్ళోనే ఉంది, మా వీధి నుంచి రెండు స్టాపులు. ఫిర్యాదు చేద్దామంటే చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. కిందికి దిగడానికి కాళ్ళూ లేవు.

మావయ్య


జిరాక్స్ షాపు మేడ మీద గది
ఆగస్టు 29

మావయ్యా, అత్తయ్యా,

బయటికొచ్చేశాను. నా ఫైలు నా ఒళ్ళో ఉంది. చెప్పుకోవడానికి గొప్పగా ఏం లేదు.

డైరెక్టరుగారు పిలిచి, ఫైలు చూపించి, "రేపు సాయంత్రంలోగా వెళ్ళిపో, ఎవరికీ ఏం చెప్పకు" అన్నారు. క్లాసుకెళ్ళి చెప్పేశాను. నాకొక్కదానికే ఇస్తున్నారని చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను. కుట్టుపని ఆవిడ మొహం తిప్పుకుంది. ఉండిపోతానన్నాను. అప్పుడు కండక్టరమ్మ కసిరింది.

"ఏం మాటలు మేడమ్ అవి! బస్సు కిక్కిరిసిపోయినప్పుడు ఎవరు ముందు దిగాలి? డోరు దగ్గరున్నవాళ్ళు. వాళ్ళు దిగకుండా మొహమాటపడి నిలబడితే లోపలున్నవాళ్ళు ఎట్లా దిగుతారు? దిగండి. దిగి, లోపల మనుషులున్నారని డ్రైవరుకి చెప్పండి."

అప్పుడే తోచింది. అందరినీ నోటుపుస్తకాలు తీయమన్నాను. అయిదు వాక్యాలు, ఇంగ్లీషులో. నా పేరు ఇది. నేను ఫలానా రోజు వచ్చాను. నా కాగితాలు ఫలానా రోజు తీసుకున్నారు. నేను రోజూ ఈ పని చేస్తున్నాను. నాకు ఇంటికి వెళ్ళాలని ఉంది. కింద సంతకం. పుస్తకంలో ఖాళీలు పూరించే చేతులు ఆ రోజు ఖాళీ వదలకుండా రాశాయి. కొందరు అయిదు దాటి పేజీ నింపారు.

గేటు దగ్గర డైరెక్టరుగారు నా సంచీ చూసి "ఏమిటవి?" అన్నారు.

"హోంవర్కు సార్, దిద్దలేదింకా."

"దిద్ది పోస్టులో పంపు" అన్నారు. ఆయన లెక్కలో నోటుపుస్తకమంటే ఆయన పుస్తకంలోని ఖాళీలు పూరించినదే.

షాపావిడ రెండు రోజులు మిషను ఆపకుండా కాపీలు తీసింది, ఈ గది కూడా ఇచ్చింది. కాపీలు మీకు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. ఇక్కడి కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. పొద్దున నాలుగింటికి వ్యాను వెళ్తుంది, నేను చూస్తూ నిలబడతాను. బయటున్నానని ఎవరన్నారు?

పిచ్చుక


నాలుగో అంతస్తు
సెప్టెంబరు 11

పిచ్చుకా,

వెళ్ళొచ్చాను.

రెండో అంతస్తులో రంగులు వేస్తున్న ఇద్దరు మనుషులు నన్ను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి దింపారు. మీ అత్తయ్య ముందు నడుస్తూ "తలుపు జాగ్రత్త, ఆయన తల జాగ్రత్త, తల పోయినా ఫరవాలేదు కాగితాల సంచీ జాగ్రత్త" అంటూ దారి తీసింది.

లైసెన్సుల ఆఫీసరు ముప్ఫై అయిదేళ్ళ అమ్మాయి. ముప్ఫై రెండు మంది కాగితాలూ తిరగేసింది. మధ్యలో రెండు ఫోన్లొస్తే తీయలేదు.

"మాస్టారూ, ఈ ఇంగ్లీషు కరెక్టేనా?" అని అడిగింది.

"తప్పులున్నాయమ్మా. అర్థం కానిది మాత్రం ఒక్కటీ లేదు."

తర్వాత సొరుగులోంచి ఆ సంస్థ ప్రచార కాగితం తీసింది. మొదటి పేజీలోనే నా ప్రశంసాపత్రం. "ఇది మీదేనా? మీరు అక్కడికి వెళ్ళి చూశారా?"

నాదేనన్నాను, చూడలేదన్నాను. అది రాసివ్వమంది. రాసిచ్చాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల చేత "ఇంకెప్పుడూ చేయను సార్" అని రాయించుకున్నవాణ్ణి. రాయడం ఎలా ఉంటుందో ఆ బల్ల దగ్గర తెలిసింది. తనిఖీ చేయిస్తానంది. ఎప్పుడని చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి రంగుల మనుషులు భోజనానికి వెళ్ళారు. మెట్ల కింద రెండు గంటలు కూర్చున్నాను. పైకి ఎక్కలేను, బయటికి నడవలేను. వచ్చేపోయేవాళ్ళు "ఏం మాస్టారూ, ఇక్కడ కూర్చున్నారే" అని అడుగుతూనే ఉన్నారు. మీ అత్తయ్య పక్కనే కూర్చుంది. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

మావయ్య


జిరాక్స్ షాపు మేడ మీద గది
అక్టోబరు 20

మావయ్యా, అత్తయ్యా,

రెండు వారాల కిందట, సోమవారం నాడు తనిఖీకి వచ్చారు. రెండు జీపులు. నన్నూ పిలిచారు. బీరువా తాళంచెవి పోయిందన్నారు డైరెక్టరుగారు. తాళాలు చేసేవాణ్ణి తెప్పిస్తామంటే దొరికింది.

పేరు పిలిచి ఒక్కొక్కరికీ చేతికిచ్చారు. కొందరు గట్టిగా ఏడ్చారు. ఒకమ్మాయి తన సర్టిఫికెట్టు మీద ఫోటో చూసి "ఇది నేనేనా?" అంది. ఇరవై తొమ్మిది మందివి దొరికాయి. ముగ్గురివి లేవు. ఎక్కడో ఉంటాయన్నారు డైరెక్టరుగారు. ఆ ముగ్గురిలో కండక్టరమ్మ ఒకరు.

లైసెన్సు ఆపేశారు, కేసు రాసుకున్నారు. ఆయన్ని తీసుకెళ్ళలేదు. సాయంత్రం తన కార్లోనే వెళ్ళిపోయారు. నా పక్కనుంచి పోతూ "మాస్టారి ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగారు, నిజంగానే అడిగారు.

అందరూ సంతోషించారని రాస్తే అబద్ధమవుతుంది. కుట్టుపని ఆవిడ ఫైలు గుండెకి హత్తుకుని నా ముందు నిలబడి, "ఇంకో రెండు నెలల్లో వీసా వస్తుందన్నారు మేడమ్. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళను?" అంది. రాదని ఆవిడకీ తెలుసు. అయినా అంది. నేను అనిపించుకున్నాను.

కండక్టరమ్మ ఇప్పుడు నా గదిలోనే ఉంది. పోయినవాటికి నకళ్ళు కావాలంటే ఇక్కడి పోలీసు స్టేషను కాగితం కావాలట, మూడు వారాలు పడుతుంది. కండక్టరు లైసెన్సు లేకుండా వెళ్తే డ్యూటీ ఇవ్వరు. కొడుకులతో రోజూ ఫోనులో మాట్లాడుతుంది. చిన్నవాడు మాట్లాడతాడు, పెద్దవాడు ఇంకా రావడం లేదు. అంత గొంతున్న మనిషి, మొదటి వారమంతా నన్ను అడిగి చేసేది. కిటికీ తీయనా, స్నానానికి వెళ్ళనా, లైటు ఆర్పనా అని. అడగొద్దన్నాను. సరేనంది, మళ్ళీ అడిగింది. పొద్దున మూడున్నరకే లేచి, జడ వేసుకుని, మంచం అంచున కూర్చుని వ్యాను కోసం చూసేది. చెప్తే నవ్వేది. మర్నాడు మళ్ళీ కూర్చునేది.

ఇవాళ నేను లేచేసరికి మంచం ఖాళీ. తలుపు దగ్గరగా వేసి ఉంది, చెప్పులు లేవు. కంగారుపడి కిందికి దిగి షాపావిడని అడిగితే తెలియదంది. గేటు దాకా వెళ్ళి చూశాను, లేదు. గంట తర్వాత తాపీగా మెట్లెక్కి వచ్చింది, నుదుటి మీద చెమటతో.

"ఎక్కడికెళ్ళారండీ?" అన్నాను, కోపంగానే.

"ఎక్కడికీ లేదు మేడమ్" అంది. "ఊరికే."

పిచ్చుక